మత్తు డాక్టరమ్మ ఆదివారాలు

మా పై వాటాలో ఉండే డాక్టరమ్మ మొన్న బుధవారం పొద్దున చనిపోయారు. డ్యూటీకి బయలుదేరుతూ, స్కూటర్ తాళం చేతిలో పట్టుకునే మెట్ల మీద కూలబడిపోయారు. గుండెపోటన్నారు. పనిమనిషి కేక విని నేను పరుగెత్తేసరికే అంతా అయిపోయింది. ఆ క్షణాన నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయ్యో ఆవిడ పోయారే అని కాదు, ఇప్పుడు మా తమ్ముడి గతేమిటి అని.

హఫీజ్‌పేటలో మా కాలనీ అంతటికీ ఆవిడ మత్తు డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇవ్వడం ఆవిడ పని. ఒక ఆసుపత్రి అంటూ లేదు. స్కూటర్ మీద కాళ్ళ దగ్గర మందుల డబ్బా పెట్టుకుని, గచ్చిబౌలి దాకా ఏ నర్సింగ్ హోము వాళ్ళు పిలిస్తే అక్కడికి వెళ్ళేవారు. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల బిల్డింగులు లేపుతున్నారు కదా, కూలీల కాళ్ళూ చేతులూ విరగని వారం లేదు. చిన్నచిన్న నర్సింగ్ హోముల్లో పెద్ద మిషన్లుండవు. అలాంటి చోట ఆవిడకి కెటమిన్ అనే మందే దిక్కు. దానితో నొప్పి తెలియదు, ఊపిరి మాత్రం మామూలుగా దానంతటదే ఆడుతూ ఉంటుందట. "గరీబోళ్ళ మందమ్మా ఇది" అనేవారు.

నాకసలే భయం ఎక్కువ. పొయ్యి మీద పాలు పెడితే పక్కకి తల తిప్పను. అలాంటిదాన్ని, కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటూ హైటెక్ సిటీలో ప్రోగ్రామర్‌గా చేరిన తమ్ముడు పోయినేడాది బైకు మీంచి పడ్డాడని ఫోనొస్తే ఏమైపోవాలి? నర్సింగ్ హోముకి వెళ్ళేసరికి మంచం పక్కన మా డాక్టరమ్మే! చేతి ఎముక సరిచేసి కట్టు కట్టాలి, మత్తు ఇవ్వడానికి పిలిచారట. ప్రాణం లేచొచ్చింది.

"కొడుకా, నీకు మస్తు ఇష్టమైన జాగ ఏది?" అని అడిగారు వాణ్ణి.

"కాకినాడ బీచ్ అండీ."

"గదే తల్సుకో. మత్తులకు పోయేటప్పుడు ఏది తల్సుకుంటే గదే కనబడుతది."

సూది వేసిన కాసేపటికే వాడు వెళ్ళిపోయాడు. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి! రెప్ప వాల్చడం లేదు, నన్ను చూడటమూ లేదు. కట్టు కట్టడం అయ్యాక, మెలకువ వస్తూ ఏదో ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్ళట, పైన ఎవరో పిలుస్తున్నారట. వీడికి గాలి సోకిందిరా దేవుడా అని నేను ఏడుపు లంకించుకుని వాడి భుజాలు పట్టి ఊపేశాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి లాగారు.

"జర సప్పుడు చెయ్యకమ్మా. నువ్వు ఈడ లొల్లి చేస్తే ఆనికి ఆడ గూడ లొల్లే కనబడుతది. ఆ లైటు బంద్ చెయ్యి. ఫికర్ చెయ్యకు, ఇగ వచ్చేస్తడు."

వచ్చేశాడు. కానీ ఆ వారమంతా వాడికి అదే కబురు. సముద్రం మీద నడిచాడట, తనని తాను పైనుంచి చూసుకున్నాడట. ఆఫీసులోనూ చెప్పుకున్నాడు. గోవా పార్టీల్లో అదే మందు రుచి చూసొచ్చిన స్నేహితుడొకడు, "దానికి చెయ్యి విరగ్గొట్టుకోవాలేంట్రా?" అని నవ్వాడట. ఆ నవ్వు ఎక్కడికి దారితీసిందో నాకు తెలిసేసరికి ఆర్నెల్లు పట్టింది.

ఓ శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని వాడి గది తలుపు తోశాను. మంచానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. పిలిస్తే పలకడు. పక్కన చిన్న గాజు సీసా. నేను పైకి ఎలా పరుగెత్తానో, ఏమని అరిచానో నాకే తెలియదు. ఆవిడ తింటున్న కంచం వదిలేసి, ఎంగిలి చేత్తోనే దిగివచ్చారు. వాణ్ణి ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టారు. గుండెల మీద చెయ్యి వేసి, తల దగ్గర చతికిలబడ్డారు. సీసా మీద కెటమిన్ అన్న పేరు చదివాక ఆవిడ మొహంలో రంగు పోయింది.

"నా చేతులకెంచే మొదలైంది గద బిడ్డా ఇది," అన్నారు నెమ్మదిగా. తప్పు ఆవిడదా? కాదు, కాదని అప్పుడే నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది.

వాడికి తెలివి వచ్చాక వాదనకి దిగాడు. "మీరిచ్చిన మందే కదా మేడం. మీరిస్తే వైద్యం, నేను తీసుకుంటే తప్పా?"

ఆవిడకి కోపం రావడం అప్పుడే చూశాను. "నేనిచ్చినప్పుడు నీ ఊపిరి కాడ కూసున్న. నువ్వు తీసుకున్నప్పుడు ఎవరున్నరు? ఇయ్యాల ఒక్కనివే. దోస్తులున్ననాడు ఆళ్ళు గూడ గదే మత్తుల ఉంటరు గద! వాంతయి గొంతుల అడ్డం పడితే ఎవడు తిప్పుతడు నిన్ను?"

సోమవారమే ఆవిడ వాణ్ణి స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పైన ప్రతి ఆదివారం పొద్దున వాడు పైకి వెళ్ళాలని షరతు. చాయ్ ఇచ్చేవారు. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం ఆవిడకి అలవాటు, మా వాడికీ అంటించారు. తర్వాత కిటికీ దగ్గరకి లాగి, కింది రెప్ప దించి, మళ్ళీ ఆ మందు జోలికి పోయాడేమోనని టార్చి వేసి కళ్ళలోకి చూసేవారు. చివరికి "పో" అనేవారు. కింద వంటింట్లో కూర తరుగుతూ నేను ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. అది వినపడ్డాకే కత్తిపీట మీద నా చెయ్యి మళ్ళీ కదిలేది.

ఓసారి అడిగాను, కళ్ళలో ఏం కనపడుతుందండీ అని. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏం కనబడదమ్మా. ఒకటి రెండు రోజులైతే కండ్లల్ల ఏం మిగలదు. ఎవరో ఒకరు సూస్తున్నరన్నది ఆనికి ఉండాలె, గంతే. నువ్వు మాత్రం చెప్పకు," అన్నారు. నేను చెప్పలేదు.

బుధవారమే వాడు పాడె మోశాడు, స్నానం చేశాడు, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ మూసిన తలుపు ఇవతల నేను ఎన్నిసార్లు నిలబడ్డానో! చెవి ఆనించి ఊపిరి వినడానికి ప్రయత్నించాను. తలుపులోంచి ఊపిరి వినపడుతుందా, నా పిచ్చి కాకపోతే.

నిన్న ఆదివారం. లేచి చూస్తే గదిలో లేడు. బైకు గేటు దగ్గరే ఉంది. మా వారు "టీకి వెళ్ళుంటాడులేవే" అన్నారు. నేను వినలేదు. మంచం కింద చూశాను, దిండు కింద చూశాను, బాత్రూమ్ తలుపు కొట్టాను. చివరికి పై మెట్లెక్కితే, తాళం వేసిన ఆవిడ గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏరా, ఏం చేస్తున్నావిక్కడ?"

లేచి, ఎండ పడుతున్న చోటికి వచ్చి నిలబడ్డాడు. "చూడక్కా," అన్నాడు.

"నాకేం తెలుస్తుందిరా? నేనేమన్నా డాక్టర్నా?"

"ఏమీ కనపడదని నాకూ తెలుసు. మొదటి ఆదివారమే చెప్పేసింది ఆవిడ. అక్కకి చెప్పకు, తెలియకపోతేనే దానికి ధైర్యంగా ఉంటుంది అంది. అయినా ప్రతి వారం చూసేది. నువ్వూ చూడు."

వేలితో కింది రెప్ప తనే దించి పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినందుకో, ఇంకెందుకో నాకు తెలియలేదు. 'పో' అనాలి. వాడి గడ్డం పట్టుకుని, వెలుగు వైపు తిప్పి, చూస్తూనే ఉన్నాను.