ఆయమ్మ చెప్పే నార్మల్

"నార్మల్ అంటే నార్మలే! మధ్యలో నీ కథలెందుకు?" అని రిపోర్టుల కౌంటర్ అతను ఆస్పత్రి ఆయమ్మను కసిరాడు. "నువ్వు ఆ మాట చెప్పి అరగంటైంది. తాత బెంచీ మీంచి లేచాడా నాయనా?" అంటూ ఆమె ముసలాయన ముందు గొంతుక్కూర్చుంది. "తాతా, నీ గుండె గుండ్రాయిలా ఉంది. ఇంటికి పో." ఆయన చేతికర్ర కూడా మరిచిపోయి వెళ్లాడు. బీపీ చూపించుకోవడానికి నెలనెలా వెళ్తూ ఆమెను పన్నెండేళ్లుగా చూస్తున్నాను. తడి లేకపోయినా చేతులు కొంగుకు తుడుచుకుంటుంది, ఎదుటి మనిషి కళ్లకు సమానంగా వంగుతుంది, అప్పుడు గానీ నోరు విప్పదు. అదే ఇంగ్లీషు ముక్క తల్లులకు "బిడ్డ నిక్షేపంగా ఉన్నాడు" అవుతుంది, పిరికివాళ్లకు "ఏ ఢోకా లేదు" అవుతుంది, నాకైతే "నీకేం పెద్దమ్మా, ఇంకో పాతికేళ్లు మమ్మల్ని తిడతావు" అవుతుంది. నేను చదివింది రెండో తరగతే, అయినా మాటల్లో నన్ను మించినవాళ్లున్నారంటే ఒప్పుకోను, ఈమెను తప్ప.

నిన్న కడుపులో బిడ్డ కదలడం లేదని ఆమె కూతురికి స్కాన్ తీశారు. కౌంటర్ అతనే పరుగున వచ్చి, "ఆయమ్మా, అంతా నార్మల్!" అన్నాడు. ఆమె నిలబడ్డచోటే చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. చివరికి నా పక్కన కూలబడి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెద్దమ్మా, ఆ మాట నాకు కాస్త తెలుగులో చెప్పు."