ఎనిమిది కిలోల గుండు, అత్తమ్మ లెక్క

నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఎకానమీ చెబుతాను. క్లాసు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ, అది కదిలిన రోజుల కన్నా 'పనిచేయదు' అని దానిమీద కాగితం అంటించిన రోజులే ఎక్కువ. మెట్లెక్కి క్లాసులోకి అడుగుపెట్టేసరికి నాకు మాట వచ్చేది కాదు. హాలు నిండా పిల్లలు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ గవర్నమెంటు ఉద్యోగాలకు చదివేవాళ్లు. పెన్నులు తెరిచి నా నోటివైపే చూస్తూ ఉండేవాళ్లు. ఆ నోట్లోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. లోపలికి వెళ్లగానే బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, జవాబు రాయమని చేత్తో సైగ చేసి, కుర్చీలో కూలబడేదాన్ని. వాళ్లు రాస్తుంటే నాకు ఊపిరి కుదురుకునేది. కొన్నాళ్లకు మా డైరెక్టరు నన్ను పిలిచి, ఈ పద్ధతి పిల్లలకు చాలా నచ్చిందని, రాసే అలవాటు బాగా అవుతోందని మెచ్చుకున్నాడు. ఇక మీదట లెక్చరర్లందరూ క్లాసు ఇలాగే మొదలుపెట్టాలని రూలు కూడా పెట్టాడు. పాలిటీ చెప్పే సారు సన్నగా రివటలా ఉంటాడు, మెట్లు పరుగున ఎక్కుతాడు. ఆయన కూడా పాపం ప్రతిరోజూ క్లాసు మొదట్లో చేతులు కట్టుకొని నిలబడాల్సి వచ్చింది.

మోకాళ్లు మాత్రం అలాంటి ఉపాయాలకు లొంగలేదు. హిమాయత్‌నగర్‌లో డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన ఎక్స్‌రేను కాసేపు, నన్ను కాసేపు చూసి, "నడుము చుట్టూ ఉన్నది తగ్గాలి, తొడల్లో బలం పెరగాలి. రెండూ మందుల షాపులో దొరకవమ్మా" అన్నాడు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు.

మొదట ఇందిరా పార్కులో నడిచాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు స్నేహమయ్యారు. ముగ్గురం ఒక చుట్టు నడిచి, అలసిపోయామని ఒకరికొకరం చెప్పుకొని, బయట బండి దగ్గర నెయ్యి కారప్పొడి వేసిన ఇడ్లీ తినేవాళ్లం. రెండు నెలల్లో ఇంకో కిలో పెరిగాను. మా ఆయన సోఫాలో పడుకొని, "నడక చాలదు, ఇంకేదన్నా చెయ్యి" అన్నాడు. ఆయన సలహాలన్నీ ఆ సోఫాలోంచే వస్తాయి.

అలా నారాయణగూడలో ఒక జిమ్ముకు చేరాను. సెల్లారులో ఉంటుంది. నాలుగు గోడలకూ అద్దాలు. ఎటు తిరిగినా నేనే. నాకు నేర్పించడానికి వచ్చినావిడ ముప్పై దాటిన మనిషి, పాలమూరు వైపు ఊరు, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నన్ను పెద్ద పెద్ద మెషీన్ల ముందు నుంచి నడిపించుకుంటూ పోయి, ఒక మూల నేలమీద ఉన్న ఇనుప గుండు చూపించింది. గుండుకు పైన పిడి ఉంది.

"ఇది కెటిల్‌బెల్ అక్కా. నీకు ఇదొక్కటి చాలు."

నాకు అది చూడగానే నచ్చింది. వంటింట్లో వస్తువులా ఉంది. రెండు చేతులతో పట్టుకొని పైకి లాగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"చేతులతోని కాదక్కా, నడుముతోని. రెండు చేతులల్ల గిన్నెలుంటే ఫ్రిజ్ తలుపు ఎట్ల మూస్తవ్?"

"వెనక్కి తిరిగి పిర్రతోని నూకుత."

"గదే! గట్లనే వెనక్కి నూకు, మళ్ల లేచి నిలవడు. గుండు దానంతటదే ఊగుతది."

ఇన్నేళ్లుగా నేను ఫ్రిజ్ దగ్గర చేస్తున్నది కసరత్తేనని ఆ రోజు తెలిసింది. గుండు కాళ్ల మధ్యలోంచి వెనక్కి వెళ్లి, ముందుకు ఛాతీ ఎత్తుకు లేచింది. నాలుగోసారికి ఊపిరి అందలేదు. బోర్డు మీద ప్రశ్న రాయాలనిపించింది.

ఒక నెల నేర్పించాక ఆమే చెప్పింది. "ఇంట్ల ఒకటి కొనుక్కో అక్కా. రోజు జరంత చెయ్యాలె. ఒక్కరోజు మస్తుగ చేసి వారం పండుకునుడు గాదు. నడుమ నడుమ వచ్చి నాకు చూపియ్యి, తప్పు చేస్తే సరిదిద్దుత."

సుల్తాన్ బజార్లో ఎనిమిది కిలోలది కొన్నాను. షాపతను దాన్ని కాగితంలో చుట్టి గుడ్డ సంచిలో వేసిచ్చాడు. మెట్లు దిగేలోపే సంచి అడుగు ఊడి గుండు కింద పడింది. నా కాలు తప్పించుకుంది గానీ మెట్టు తప్పించుకోలేదు. తర్వాత గోనెసంచి ఇచ్చాడు. ఆటో అతను సాయం చేద్దామని సంచిని ఒంటిచేత్తో ఎత్తబోయి ఆగిపోయాడు.

"ఏందక్కా ఇది? చూస్తే ఇంతున్నది, గింత బరువు?"

"కసరత్తుదన్నా."

అతను అద్దంలో నన్ను ఒకసారి చూసి, "మంచిదే అక్కా" అన్నాడు. చిక్కడపల్లి దాకా ఆటోను గుంతల్లో పడకుండా చాలా జాగ్రత్తగా నడిపాడు.

ఇంట్లో మా అత్తమ్మ ఉంటుంది. డెబ్బై దాటింది, బక్కపలచటి మనిషి. గుండు చుట్టూ ఒకసారి తిరిగి, "దీనితోని ఏం చేస్తరు?" అంది.

"ఊపుతరు."

"ఊపి?"

"మళ్ల ఊపుతరు."

ఆమెకు అది అర్థం లేని పనిలా తోచింది గానీ, గుండు మాత్రం చాలా పనికొచ్చేదిగా కనిపించింది. మర్నాటి నుంచి పొద్దున లేవగానే నా మొదటి కసరత్తు గుండును వెతుక్కోవడమే అయింది. ఒకరోజు దోసెల పిండి పొంగకుండా దాని మూత మీద ఉండేది. ఇంకోరోజు డాబా మీద వడియాల చీర ఎగరకుండా కొంగు మీద కూర్చునేది. గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డం ఉండేది. నేను తెచ్చేసుకుంటే, "నీది అయిపోయినంక మళ్ల ఆడనే పెట్టు" అనేది.

అసలు గొడవ కింది వాటాతో వచ్చింది. మేం పై అంతస్తులో కిరాయికి ఉంటాం, కింద ఇంటి ఓనరు, ఆయన భార్య ఉంటారు. ఒకరోజు పొద్దున నా చేతికి చెమట పట్టి గుండును దభీమని దించాను. మర్నాడు అంత గట్టిగా కాకపోయినా దించిన చప్పుడైంది. మూడో రోజు ఓనరుగారు తలుపు కొట్టారు. అత్తమ్మ తీసింది.

"ఏం పడుతున్నదమ్మా పొద్దుపొద్దుగాల? మా ఫ్యాన్ ఊగుతున్నది."

"ఏం లేదయ్యా, పసుపు దంచుతున్నం."

"ఈ కాలంల పసుపు దంచుతున్నరా?"

"మిక్సీల ఏస్తే వాసన పోతదయ్యా."

ఆయన తృప్తిగా వెళ్లిపోయారు. నేను చేతిలో గుండుతో గదిలో బిగుసుకుపోయి నిలబడ్డాను.

"అబద్ధం ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

"మా కోడలు పొద్దున్నే లేచి ఇనుప గుండు ఊపుతున్నదని చెప్పాల్నా? ఏమైందమ్మా నీ కోడలికని గల్లీ గల్లీ వచ్చి నన్ను అడుగుతది."

ఆ సాయంత్రమే ఓనరుగారి భార్య రెయిలింగు పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. "దంచిన పసుపట గదా, జరంత మాకు గూడ ఇయ్యిండ్రి" అంది. అత్తమ్మ రెప్ప వెయ్యకుండా, "రేపిస్తం, ఇంకా జల్లెడ పట్టలే" అంది. నేను కిరాణా షాపుకు పరుగెత్తి పసుపు ప్యాకెట్లు తెచ్చి ఆ డబ్బాలో పోశాను. పది రోజులు తిరక్కుండానే డబ్బా మళ్లీ వచ్చింది. "ఏం వాసన! మా చెల్లె గూడ అడుగుతున్నది." నేను బరువు తగ్గడం సంగతి ఏమోగానీ, ఓనరుగారి చుట్టాలందరికీ పసుపు పంచే మనిషినయ్యాను.

ఇంట్లో చప్పుడు కాకూడదని గుండును డాబా మీదికి మార్చాను. అత్తమ్మ వెంట వచ్చేది. వడియాలకు కాపలా అని మొదలుపెట్టి, నాకు లెక్క పెట్టడంలో స్థిరపడింది. ఆమె లెక్క బడి లెక్క కాదు. నా మీద జాలి కలిగిన రోజు ఆరు తర్వాత తొమ్మిది వచ్చేది. ముందురోజు రాత్రి కూరలో ఉప్పు గురించి మాటామాటా అనుకొని ఉంటే, పది తర్వాత ఎనిమిది వచ్చేది. నేను నోరు తెరవలేను. ఊపేటప్పుడు అడగడానికి ఊపిరి మిగలదు.

మొదటి రెండు నెలలూ తూకం ముల్లు కదలలేదు. నేను రెండు రకాల మెషీన్ల మీద ఎక్కి చూశాను, రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయి. జిమ్మావిడకు ఫోన్ చేస్తే, "ముల్లు ఏమంటదో ఇడిచిపెట్టక్కా, లంగా బొందు ఏమంటున్నది?" అంది. చూసుకున్నాను. ముడి వేశాక మిగిలే బొందు నిజంగానే పొడవైంది. అన్నం తగ్గించి, పప్పు, గుడ్లు పెంచమని కూడా చెప్పింది. అన్నం తగ్గించిన పూట అత్తమ్మ నా పళ్లెం వైపు పట్టింపుతో చూసేది. ఆమె వండింది బాగాలేక తినడం లేదని ఆమె అనుమానం.

నడుమ ఒకసారి పూర్తిగా మానేశాను. నోటిఫికేషన్ పడి అదనపు బ్యాచులొచ్చాయి, ఆ వెంటనే జ్వరమొచ్చింది. జ్వరం తగ్గాక కూడా రేపు చేద్దాం, సోమవారం మొదలుపెడదాం అని గడిపాను. ఒకరోజు పొద్దున బాత్రూములోకి వెళ్లబోతే కాలి బొటనవేలు ఫెడీమని దేనికో తగిలింది. చూస్తే గుమ్మం ముందు గుండు.

"ఇక్కడెందుకు పెట్టినవ్ అత్తమ్మా!"

"కనవడుతదని పెట్టిన. కనవడ్డదా?"

వేలు వాచి ఇంకో వారం పోయింది. కానీ ఆ తర్వాత మాత్రం ఎగ్గొట్టలేదు. గుండు రేపు ఎక్కడ ఉంటుందో అన్న భయం కూడా కొంత కారణం.

ఆరేడు నెలలకు మూడో అంతస్తు మెట్లెక్కి మాట్లాడుతూ క్లాసులోకి వెళ్లగలిగాను. కానీ రూలు రూలే. నిండా ఊపిరి పెట్టుకొని, పిల్లలు జవాబు రాసేదాకా నేనూ పాలిటీ సారులా చేతులు కట్టుకొని నిలబడాల్సి వచ్చింది. నారాయణగూడలో జాకెట్లు కుట్టే ఆయన కొలత తీసి తికమకపడ్డాడు. "నడుముకాడ లోపటికి కుట్టాలె, చేతులకాడ ఇప్పాలె. ఏం చేస్తున్నవక్కా?" అన్నాడు. ఆ మాట నేను ఇంట్లో మూడుసార్లు చెప్పుకున్నాను.

అప్పుడే దొరికిపోయాం. ఒక ఆదివారం ట్యాంకు పొంగుతోందని ఓనరుగారు డాబా మీదికి వచ్చారు. నేను గుండు ఊపుతున్నాను, అత్తమ్మ గట్టిగా "పదమూడు" అంటోంది. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయి, గుండు వచ్చే దిక్కు నుంచి పక్కకు జరిగారు. చుట్టూ చూశారు.

"పసుపేదమ్మా?"

"అయిపోయిందయ్యా" అంది అత్తమ్మ.

ఆయనకు కోపం రాలేదు, భయం వచ్చింది. స్లాబు పగులుతుందన్నారు, వానాకాలం కారుతుందన్నారు, చెయ్యి జారితే గుండు పక్కింటి కారు మీద పడుతుందన్నారు. ఆ మాటలు విని ఆయన భార్య కూడా మెల్లగా పైకి ఎక్కి వచ్చింది. సంగతి విని, పిట్టగోడకు ఆనుకొని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నేను సిగ్గుతో, "పసుపు ప్యాకెట్‌దే ఆంటీ" అన్నాను.

"నాకు ఎరికే. మొదటిపారే డబ్బల ప్యాకెట్ ముక్క పడ్డది."

"మరి మళ్ల మళ్ల ఎందుకడిగిన్రు?"

"మీ అత్తమ్మ ఇంకేం చెప్తదో చూద్దామని."

నవ్వు ఆగాక ఆమె గుండును చెప్పు కొనతో తాకి చూసింది. "మోకాళ్లు బాగయితయా దీనితోని? నేను కింద కూసుండి ఎన్నేండ్లయ్యిందో. కూసుంటే లేవొస్తలేదు" అంది. ఓనరుగారు, "నీకెందుకు ఇవన్నీ" అన్నారు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఆమె వచ్చేది కాదేమో.

డాక్టరును అడిగి సరేననిపించుకున్నాక, ఆమెను జిమ్మావిడ దగ్గరికి తీసుకెళ్లాను. గుండు సంగతి తర్వాత, ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. కొన్ని వారాలు అదే. తర్వాత నాలుగు కిలోల చిన్నది ఛాతీకి హత్తుకొని లేవడం. ఒకసారి జిమ్మావిడ మమ్మల్ని చూడటానికి ఇంటికే వచ్చింది. అప్పుడు అత్తమ్మ కత్తిపీట ముందు గొంతుక్కూర్చొని బీరకాయ తరుగుతోంది. చప్పున లేచి మంచినీళ్లు తెచ్చింది. జిమ్మావిడ గ్లాసు అందుకోవడం మరచిపోయి, "అమ్మా, నీకు నేను నేర్పేది ఏం లేదు" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ మాటైనా ఆ మాట దగ్గరికే వెళ్లి తేలుతోంది.

మొన్న శ్రావణంలో ఓనరుగారింట్లో సత్యనారాయణ వ్రతం. ఏళ్ల తరబడి ఆయన పీట మీద, ఆమె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని వ్రతాలు చేశారు. ఈసారి కుర్చీ తెస్తే ఆమె వెనక్కి పంపింది. పీట మీద కూర్చుంది. కథ అయిదు అధ్యాయాలూ అయ్యాయి. హారతికి లేవాలి. ఓనరుగారు లేచి అలవాటుగా చెయ్యి చాచారు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టింది. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి, పెదాలు బిగించి, లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఓనరుగారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

వంటింట్లోంచి ఆయన చెల్లెలు అప్పుడే వచ్చి, "ఏమైంది?" అంది.

"నువ్వు చూడలేదా?" అంటూ ఓనరుగారి భార్య మళ్లీ పీట మీద కూర్చుంది.

పంతులుగారి చేతిలో హారతి పళ్లెం, అందులో కర్పూరం సగం కాలిపోయింది. "అమ్మా, హారతి..." అన్నారాయన.

"ఒక్క నిమిషం పంతులుగారూ, మా ఆడిబిడ్డ చూడలే."

మళ్లీ లేచింది. మొదటిసారి కన్నా సులువుగా లేచిందని అందరూ అన్నారు. పంతులుగారు ఇంకో కర్పూరం బిళ్ల వెలిగించారు. ఆ మధ్యాహ్నం భోజనాలు నేలమీదే, విస్తళ్లలో. ఆమె వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. పులిహోర రెండోసారి వడ్డించమంది. నేనూ వద్దనలేదు.