గుమ్మంలో అమ్మమ్మ

నెలలు నిండకుండా పుట్టిన మనవడి ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదనీ, మామూలు జలుబు కూడా వాడి ప్రాణం మీదికి తెస్తుందనీ డాక్టరు చెప్పిన రోజు నుంచి అమ్మమ్మ కుర్చీ గుమ్మంలోకి మారింది. అల్లుడు ఆమెకు పెట్టిన పేరు చెక్‌పోస్టు. ఎవరొచ్చినా తలుపు ఓరగా తీసి, "ముందు నాలుగు ముక్కలు మాట్లాడు," అంటుంది. కళ్లు మూసుకుని గొంతు వింటుంది. కాస్త జీర వినిపించినా తలుపు మొహం మీదే వేసేస్తుంది. సొంత తమ్ముణ్ణే మెట్ల మీంచి వెనక్కి పంపింది. ఆయన ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉన్నాడు. మధ్యమధ్య లోపలికెళ్లి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న పసివాడి పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి సరిగ్గా ఆడుతోందని తెలిశాకే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నిన్న మాత్రం ఎవరొచ్చినా నోరు విప్పకుండా చేత్తోనే సైగ చేసింది.

ఈ ఉదయం ఆ అరచేతి కింద పొట్ట ఎగిరెగిరి పడింది. డొక్కలు లోపలికి పీక్కుపోయాయి, పెదవులు నీలం తిరిగాయి. ఆసుపత్రిలో వాడి నోట్లోంచి గొట్టం వేసి మిషన్‌తో ఊపిరి ఇస్తున్నారు. డాక్టరు బయటికొచ్చి, "ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ పట్టింది. ఇంట్లో ఎవరికైనా జలుబు చేసిందా?" అని అడిగింది.

"అబ్బే, మా అమ్మ ఈగను కూడా వాలనివ్వదండీ," అంది కూతురు. "నువ్వు చెప్పమ్మా."

అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేలకేసి చూసింది.

"చెప్పమ్మా!"

"దుమ్మేమో అనుకున్నానే, తల్లీ."

కూతురు కళ్లు మూసుకుని ఆ బొంగురు గొంతు విన్నది.