ఇక్కడ పడవ, అక్కడ గుర్రం

అందరూ ఎలా ఉన్నారు తల్లీ? మీలో కంటి ఆపరేషన్ చేయించుకున్న ఆవిడకు కట్టు విప్పారా? మోకాలు నొప్పితో మా మేడ మెట్లు ఎక్కలేకపోయిన అమ్మాయి ఇప్పుడు నడుస్తోందా? నెలలు నిండిన పిల్ల వేళకు తింటోందా? పసివాళ్లున్నవాళ్లు నీళ్లు కాచి తాగించండి, ఊళ్లో జ్వరాలు తిరుగుతున్నాయి. ఇవన్నీ అడిగితే గానీ అసలు మాట రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. మీకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ పోయిన గురువారం సాయంత్రం కన్నుమూశారు.

మీ పాత విద్యార్థినుల పత్రికకు నన్ను రాయమన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. రాంగోపాల్‌పేట్‌లో పై వాటాలో ఆమె, కింది వాటాలో నేను, ఎన్నో ఏళ్లు కలిసి ఉన్నాం. ఆ చనువుతోనే రాస్తున్నాను.

రిటైరయ్యాక ఆమెకు పాఠం వినేవాళ్లు లేకుండా పోయారు. నాకేమో మధ్యాహ్నాలు గడిచేవి కావు. నేను చిక్కుడుకాయలు పట్టుకుని పైకి వెళ్లేదాన్ని. నేను ఈనెలు తీస్తుంటే ఆమె విక్టోరియా రాణి కాలం నాటి లావుపాటి ఇంగ్లీషు నవల ఒళ్లో పెట్టుకుని, పేజీ చూస్తూ కథంతా తెలుగులో చెప్పేవారు. ఆ నవలలు కూడా ముందు మన వారపత్రికల సీరియళ్లలాగే ముక్కలు ముక్కలుగా వచ్చేవట. పిల్ల చలిలో వీధిన పడిందనగానే ఆ ముక్క అయిపోయేది. ఇక ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. పొద్దున్నే మెట్లెక్కి, పిల్లకు తిండి దొరికిందా అని అడిగేదాన్ని. ఆమె నవ్వి, ముందు కాఫీ తాగు అనేవారు.

నవలలో ఒక మనిషి రాకముందే అతని బూట్లు వస్తాయి, చేతికర్ర వస్తుంది, ఆ తర్వాత ఎప్పటికో మొహం. అది నాకు చూపించడానికే ఆమె ల్యాప్‌టాప్‌లో పాత మూగ సినిమాలు పెట్టడం మొదలుపెట్టారు. అక్కడా అంతే, తెర నిండా బూట్లు. సినిమాలు తీసిన మొదటివాళ్లలో చాలామంది ఈ నవలలు చదివి పెరిగినవాళ్లేనని, దగ్గరికి వెళ్లి చూడడం, ఇక్కడి కథ ఆపి అక్కడికి దూకడం ఆ పుస్తకాల్లోంచే తెచ్చుకున్నారని చెప్పేవారు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఆమె చదివిపెట్టేవారు. మిగతాదానికి నాకు చదువు అక్కర్లేకపోయింది.

ఒక సినిమాలో పసిబిడ్డ ఉన్న పడవ కట్టు తెగి, పెద్ద జలపాతం వైపు కొట్టుకుపోతుంది. ఇక్కడ పడవ. వెంటనే అక్కడ గుర్రం మీద తండ్రి. మళ్లీ పడవ. మళ్లీ గుర్రం. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

“జెర ఆపు టీచరమ్మా. ముందు చెప్పు, పిల్ల బతుకుతదా?”

“చెప్తే నువ్వు నిశ్చింతగా కిందికెళ్లి పడుకుంటావు. నా పక్కన ఎవరు కూర్చుంటారు?” అన్నారు.

తండ్రి అందుకున్నాడు. ఆ సినిమాల్లో అందుకుంటారు. నా మనసు కూడా ఇలాగే ఒక్కచోట నిలవదని, కూర తరుగుతుంటే కూతురు ఎక్కిన బస్సు కళ్లముందు బోల్తా పడుతుందని చెప్పుకున్నాను. డాక్టరుకు చూపించుకోనా అని అడిగాను. “అది జబ్బు కాదక్కయ్యా, కథ చెప్పేవాళ్ల పని. జీతం లేకుండా చేస్తున్నావు, అంతే” అన్నారు. నా భయాన్ని ఎగతాళి చేయకుండా నవ్వించిన మనిషి ఆమె ఒక్కరే.

నవలల్లో చావులు మాత్రం నేను చెప్పనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు ఆమే పుస్తకం మూసి, ఈ రాసేవాళ్లు పోయే మనిషి మంచం దగ్గర ఎవరో ఒకరిని కూర్చోబెడతారు, నాకు గది నిండా జనం వద్దు, నువ్వొక్కదానివి చెయ్యి పట్టుకుంటే చాలు అన్నారు.

“గిట్ల మాట్లాడకు. నీకన్న పెద్దదాన్ని, నేనే ముందు పోత.”

“అయితే నేనే కూర్చుంటాలే. ఎవరైతేనేం, ఒకరు ఉండాలి.”

నేను సరేనన్నాను.

ఈమధ్య ఆమె గుండె బాగా నీరసించి కార్ఖానాలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. రోజూ వెళ్లి మంచం పక్కనే ఉండేదాన్ని. గురువారం బోయిన్‌పల్లిలో ఉన్న నా కూతురికి జ్వరమని ఫోనొచ్చింది. నేను కదల్లేదు. ఆమే పంపించారు. “ఇక్కడ కూర్చుని అక్కడే ఉంటావు నువ్వు. వెళ్లి చూసి రా.” ఆ పూట కాస్త తేటగానే ఉన్నారు, అందుకే లేచాను.

కూతురికి మామూలు జ్వరమే. గంజి కాచి పెడుతుంటే నర్సు ఫోన్ చేసి, ఊపిరి అందడం లేదు, త్వరగా రమ్మంది. ఆటో ఎక్కాను. కూరగాయల మార్కెట్ దగ్గర ఉల్లిగడ్డల లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయి ఉంది. ముందూ వెనకా బండ్లే. పరేషాన్ కాకు అమ్మా, ఇప్పుడే క్లియర్ అయితది అన్నాడు ఆటో అతను. నా కళ్లముందు మంచం. తర్వాత ఆ లారీ. మళ్లీ మంచం. మళ్లీ లారీ. దిగి నడిచాను, కొంతదూరానికే ఒక దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. సినిమాలో ఆ రెండు చోట్లనూ చేతిలో పట్టుకుని తీసేవాడు ఒకడుంటాడు. గుర్రాన్ని వాడు ఆగనివ్వడు. నాకు ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

నర్సుకు ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టమన్నాను. దేవుడి పేరు గుర్తుకు రాలేదు, మంచి మాట ఒక్కటి గుర్తుకు రాలేదు. “వస్తున్న టీచరమ్మా, దార్లనే ఉన్న” అని అదే అన్నాను, మళ్లీ మళ్లీ. కాసేపటికి నర్సు ఫోన్ తీసుకుని, ఇక తొందరపడకండి అంది.

విన్నారా అని నర్సును అడిగాను. కళ్లు మాత్రం తలుపు వైపు తిప్పారని చెప్పింది. ఆ మాట నాకు ఓదార్పో శిక్షో తేల్చుకోలేకపోతున్నాను. నేను వస్తున్నానని నమ్మారా, రాలేదని చూశారా? మీరు చదువుకున్నవాళ్లు, మీకేమైనా తెలుస్తుందేమో.

కాకినాడ నుంచి ఆమె చెల్లెలు వస్తున్నారు. అందరూ కలిసి ఆమెను ఉంచిన సమాధి తోటకు వెళ్లి ప్రార్థన చేద్దామన్నారు. గేటు ఎన్నింటికి తీస్తారో కనుక్కుందామని నేను నిన్ననే వెళ్లొచ్చాను. దారిలో ఏది అడ్డం పడుతుందోనని చీకటితోనే బయలుదేరతానన్నాను. కాపలా ముసలాయన పైనుంచి కిందికి నన్ను చూసి, చీపురు గోడకు ఆనించాడు.

“ఆమె ఏడికి పోతదమ్మా. మెల్లగ రా” అన్నాడు.

ప్రార్థన వచ్చే నెల మొదటి ఆదివారం, పొద్దున పదింటికి.