ఆమెను పిలిచింది ఎవరు?

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. స్వరాలన్నా అంతే. మాది ప్రార్థన చేసుకునే ఇల్లే. అయినా చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెబుతూ "నాకు స్వరం వినిపించింది" అంటే, సైన్సు చదివిన నేను తల దించుకుని గోళ్ళు గిల్లుకునేదాన్ని. ఇప్పుడు ఇది నేనే రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నంలో అద్దెకు ఉంటున్నాం. మా ఆయన శేరిగూడలో ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తారు. పాపకు పద్నాలుగు నెలలు.

మా చర్చి స్త్రీల కూడికలో ఒక్కొక్కరికి దేవుని పేరు ఒకటి ఇచ్చి, వచ్చే వారం దాని గురించి చెప్పమన్నారు. పాపకు తరచూ జ్వరం. నాకు యెహోవా రాఫా, అంటే స్వస్థపరిచేవాడు, వస్తే బాగుండుననుకున్నాను. ఎల్ రోయి వచ్చింది. చూచుచున్న దేవుడు. హాగరు అనే దాసి, గర్భంతో ఇల్లు వదిలి పారిపోయి, నీటి ఊట దగ్గర దేవునికి పెట్టిన పేరది. రెండోసారి చదివితే ఒకటి కనిపించింది. ఆ కథలో ఆమె యజమానీ, అతని భార్యా ఇద్దరూ ఆమెను దాసి అనే అంటారు. పేరు పెట్టి పిలిచింది దేవుని దూత ఒక్కడే. కాగితం మీద అంతవరకే రాసుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం నల్లా వచ్చింది. ఎంత నిండిందో చూద్దామని వాకిట్లో, నేలలో ఉన్న నీళ్ళ సంపు మూత తీశాను. ఇంట్లో పాప ఏడ్చింది. వెళ్ళి పాలిస్తూ నిద్రపోయాను. మూత వేయలేదు. తలుపూ వేయలేదు.

అరుపుకు లేచాను. మా గేటు ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క, పాపను చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. పాప చొక్కా చేతులు తడిసి కారుతున్నాయి.

"గంత నిద్రేందే నీకు? సంపుల చెయ్యి పెట్టి నీళ్ళు కొడుతుంది పిల్ల!"

పాపను అందుకుని తడి చొక్కా విప్పాను. ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు పిలిచినవ్ గాబట్టి చూసిన. అవ్ గానీ, నా పేరు నీకెవలు చెప్పిండ్రు?"

"నేను పిలువలేదక్కా. నిద్రల ఉన్న."

"మష్కిరీలు చెయ్యకు. అంజమ్మా అని మీ వాకిట్లకెల్లే ఇనబడ్డది."

మా గల్లీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే అంటారు. ఆధార్ కార్డులో సుగుణ అని ఉందట.

"మా అత్త పేరు గూడ అంజమ్మనే. ఇంట్ల ఇద్దరెందుకని పెండ్లినాడే నా పేరు మార్చిండ్రు. మా అమ్మ పోయినంక గట్ల ఎవలు పిలువలే. మా ఆయనకైతే నేను 'ఏమే'నే," అని నవ్వబోయి ఆగిపోయింది.

ఫోన్ చూశాను, ఛార్జింగులో ఉంది. టీవీ ఆపి ఉంది. గల్లీలో నాలుగిళ్ళు అడిగాను. ఆ పేరు ఒక్కరికీ తెలియదు. నిద్రలో నేనే పిలిచానేమో అనుకుందామంటే, తెలియని పేరు ఎలా పిలుస్తాను?

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. మూత మాత్రం ఇంటి ఓనర్లు తీసుంటారన్నాను.

మర్నాడు మా గుమ్మంలో నిలబడి, "అంజమ్మా" అని పిలిచి చూశాను. అక్క ఇస్త్రీ పెట్టె ఎత్తిపట్టుకుని విన్నది. తల అడ్డంగా ఊపింది.

"గా గొంతు గాదే."

ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. రేపే కూడిక. ఎల్ రోయి అనే పేరు నాకు పాప కోసమే వచ్చిందని సంబరపడ్డాను. దేవుడు చూసేవాడైతే, నేను మూత తీసి వదిలేయడమూ చూసే ఉంటాడు. ఈ రాత్రి ఇప్పటికి మూడుసార్లు లేచి వెళ్ళి సంపు మూత తడిమి వచ్చాను. పక్కన మా ఆయన నిద్రలో ఉన్నారు. తెల్లవారగానే, తీసింది నేనేనని చెప్పాలి.