గామ్‌ఛా వేసిన సీటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా అందరూ ఒకచోట చేరి భయపెట్టుకుంటుంటే, నేను దుప్పటి ముసుగేసుకుని పడుకునే రకం. ఇప్పటికీ నమ్మను. కాకపోతే ఆ ఒక్క ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే మాత్రం ఏం చెప్పాలో తెలియక మాట మార్చేస్తుంటాను. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసేస్తే మనసు తేలికపడుతుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఖమ్మం. ఉద్యోగం కోల్‌కతాలో, సెక్టర్ ఫైవ్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. అద్దె తక్కువని వాట్‌గంజ్‌లో ఒక గోదాము మీద గది తీసుకున్నాను. ఆఫీసు ఊరికి ఆ చివర, గది ఈ చివర. మొదట్లో కిరణ్ అనే రూమ్మేట్ ఉండేవాడు. వాడు హైదరాబాద్‌కి బదిలీ చేయించుకుని వెళ్లిపోయాక ఆ గదిలో నేనూ, రేవులోంచి వినిపించే ఓడల కూతలూ మిగిలాం. శని, ఆదివారాల్లో కింద కొట్టులో గుడ్లు అడగడానికి తప్ప నోరు విప్పే పని ఉండేది కాదు. ఒక సోమవారం ఆఫీసులో ఎవరో పలకరిస్తే నా గొంతు నాకే బొంగురుగా, కొత్తగా వినిపించింది.

సందక్‌ఫూ ట్రెక్ ఆలోచన కిరణ్‌దే. డార్జిలింగ్ దగ్గర మానేభంజన్ అనే చిన్న ఊరు ఉంది. నడక అక్కడ మొదలవుతుంది. కొండల మీదుగా కొన్ని రోజులు నడిస్తే కాంచన్‌జంగా ఎదురుగా కనిపిస్తుంది. నలుగురం వెళ్దామనుకున్నాం. ఒకడికి పెళ్లిచూపులు అడ్డొచ్చాయి, ఇంకొకడికి ప్రాజెక్టు. బయలుదేరే ముందురోజు కిరణ్ కూడా లీవు దొరకలేదని మెసేజ్ పెట్టాడు. చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు మహానుభావుడు.

ఆ కొండల్లోకి గైడ్ లేకుండా వెళ్లనివ్వరు. ఒక్కడి కోసం గైడ్‌ని పెట్టుకునే స్తోమత నాకు లేదు. ఫోన్లో బతిమాలితే ఒక గైడ్ దయతలచి, వేరే గుంపుతో కలుపుకుంటానన్నాడు. వాళ్లు బయలుదేరే ఉదయానికి నేను అక్కడ ఉండాలి, ఆలస్యమైతే ఆగరు. వెళ్లలేకపోతే సెలవంతా ఆ గోదాము మీద గదిలో గడపాలి. ఆ ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది. ఏమైనా సరే వెళ్లి తీరాలనుకున్నాను.

తత్కాల్ దొరకలేదు. బస్సుకి అంత పెట్టలేను. మిగిలింది జనరల్ బోగీ.

పొద్దున్నే బాబూఘాట్‌లో లాంచీ ఎక్కి హౌరాకి చేరాను. డిసెంబరు మంచులో నది అవతలి ఒడ్డు కనిపించడం లేదు. జనరల్ బోగీ సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రైలు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, చేతిరుమాళ్లు లోపలికి ఎగురుతాయి. ఎవరి గుడ్డ పడితే ఆ సీటు వాళ్లది. ఇక్కడివాళ్లు గామ్‌ఛా అనే ఎర్రగళ్ల తువ్వాలు వాడతారు. నేనూ ఒకటి కొనుక్కున్నాను. తోసుకుంటూ ఎక్కి కిటికీ దగ్గర ఒక సీటు పట్టాను. నా పక్క సీటు మీద గామ్‌ఛా పరిచాను, నా పెద్ద బ్యాగు పెట్టుకోవచ్చని.

ఒకాయన వచ్చి ఖాళీయేనా అని అడిగాడు. "లోక్ ఆఛే" అన్నాను. మనిషి ఉన్నాడు అని అర్థం. సీటు కాపాడుకునేటప్పుడు ఇక్కడ అందరూ అనే మాటే. నెలల తరబడి తోడు ఉంటారనుకుంటూ ప్లాన్లు వేసినందుకేమో, ఆ మాట తడుముకోకుండా వచ్చేసింది.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. ఒక్కణ్నే వెళ్తున్నానంటే ఊరుకోదు. "కిరణ్ ఇదిగో, నా పక్కనే ఉన్నాడమ్మా" అన్నాను.

నా తెలుగు విని ఎదురు సీట్లోని పెద్దావిడ ముఖం విప్పారింది. "ఏటి బాబూ, మీది ఆంద్రానా?" అంది. హౌరా పక్కనే టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిందట. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట. న్యూ జల్పాయిగురిలో కూతురి కాన్పుకి వెళ్తోంది. మనిషి నోట తెలుగు విని ఎన్నాళ్లయిందో. పిన్నిగారూ పిన్నిగారూ అంటూ ఆవిడకి నా జీవితమంతా చెప్పేశాను, పక్క సీటు విషయం తప్ప.

గామ్‌ఛాకి ఉండే మర్యాద రైలు కదిలేదాకానే. కదిలాక ఇంకా మనిషి రాకపోతే ఎవరో ఒకరు దాన్ని పక్కకి తోసి కూర్చుంటారు. నేనూ దానికి సిద్ధపడే ఉన్నాను. రైలు కదిలింది. బర్ధమాన్‌లో ఇంకా జనం ఎక్కారు. కింద కూర్చున్నారు, తలుపు దగ్గర వేలాడారు. ఆ సీటు జోలికి మాత్రం ఎవరూ రాలేదు. దగ్గరికొచ్చి, చూసి, జరిగిపోతున్నారు.

చంటిపిల్లని ఎత్తుకున్న ఒకాయన చాలాసేపు నా ముందే నిలబడ్డాడు. నాకే సిగ్గేసింది. బ్యాగు అప్పటికే కాళ్ల కింద పెట్టేసుకున్నాను. గామ్‌ఛా చివర పట్టుకుని, కూర్చోండి దాదా అన్నాను. ఆయన ఆ సీటు వంక చూసి, నా వంక వింతగా చూసి, "నా నా, లోక్ ఆఛే" అన్నాడు. వద్దు వద్దు, మనిషి ఉన్నాడు అని.

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. పాపని భుజం మార్చుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి పిన్నిగారు, "కిటికీ దించీ బాబూ, ఆ బాబుకి సలేస్తన్నాది" అంది. నేను అమ్మకి చెప్పిన అబద్ధం పట్టేసి ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కిటికీ దించాను. తర్వాత ఆవిడ మరమరాలు పొట్లం కట్టి నాకొకటి ఇచ్చి, రెండోది గామ్‌ఛా మీద పెట్టింది. "మాటాడ్డేటి పాపం" అని నన్ను మెల్లిగా అడిగింది.

న్యూ జల్పాయిగురిలోనే నేనూ దిగాలి. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆవిడ అన్న మాటలు నాకు బాగా గుర్తు. "ఆ బాబుని జాగర్తగా తీసుకెల్లు. కాళ్లకి సెప్పులే ఉన్నాయి. కొండకి సెప్పుల్తో ఎలాగెల్తాడు?"

ఆ రాత్రి స్టేషన్ వెయిటింగ్ హాల్లో పడుకున్నాను. పెద్దావిడ, చూపు సరిగా ఆనక ఏదో అని ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. తెల్లారి సిలిగురిలో షేర్ జీపు ఎక్కాను. ఆ జీపుల్లో మనుషుల్ని ఎంత ఇరికిస్తారో చెప్పనవసరం లేదు. డ్రైవర్ నా దగ్గర ఇద్దరికి చార్జీ అడిగాడు. నేనొక్కణ్నే కదా అని గొడవపడ్డాను. వాడు నా పక్కకి ఒకసారి చూసి, ఇంకేం అనకుండా ఒకరిదే తీసుకున్నాడు. కానీ నా పక్కన మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టలేదు. దారిలో జనం చెయ్యెత్తుతూనే ఉన్నారు.

మానేభంజన్‌లో దిగేసరికి గుంపు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. టైముకి చేరుకున్నానన్న సంతోషంతో మెడలోని గామ్‌ఛా తీసి టీ కొట్టు ముందు బల్ల మీద పడేసి, గైడ్ దగ్గరికి పరుగెత్తాను. అతను కుర్రాడే, మర్యాదస్థుడు. హిందీలో నెమ్మదిగా చెప్పాడు. మీతో వచ్చినాయన కాళ్లకి చెప్పులే ఉన్నాయి, స్వెటర్ లేదు, పైన మంచు పడుతోంది, ఆయన్ని తీసుకెళ్లలేను, మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోండి అని.

నేను వెనక్కి తిరిగి చూశాను. బల్ల మీద నా గామ్‌ఛా తప్ప ఏమీ లేదు.

గుంపులోవాళ్లు విసుక్కుంటున్నారు. ఇంత దూరం వచ్చి తిరిగి ఆ గదికి వెళ్లడం నా వల్ల కాదు. "ఆయన రావట్లేదు. నేనొక్కణ్నే" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, బల్ల వైపు వినిపించేలా. ఎందుకలా అన్నానో తెలియదు. గైడ్ తలూపాడు. గామ్‌ఛా తెచ్చుకోవడానికి ధైర్యం చాలక అక్కడే వదిలేసి నడిచాను.

ట్రెక్ బాగా జరిగింది. కాంచన్‌జంగాని చూశాను. గుంపువాళ్లు నవ్వారు, నవ్వించారు, ఫొటోలు తీశారు. పైన రెండు రోజులు ఉందామంటే సరేనని వాళ్లతోపాటు నేనూ ఆగాను. ఎక్కడా ఏ వింతా జరగలేదు.

దిగి వచ్చాక టీ కొట్టు నడిపే దీదీ నన్ను గుర్తుపట్టింది. నా గామ్‌ఛా శుభ్రంగా మడతపెట్టి ఇచ్చింది. మీ మనిషి మీకోసం చూసి చూసి నిన్ననే జీపెక్కి వెళ్లిపోయాడు అంది. ఏమైనా చెప్పాడా అని అడిగాను. ఏం మాట్లాడేవాడు కాదని, ఆ బల్ల మీదే కూర్చుని కొండ దారి వైపు చూస్తుండేవాడని, పైనుంచి ఏ గుంపు దిగినా లేచి నిలబడేవాడని చెప్పింది.

కిరణ్‌కి ఫోన్ చేశాను. వాడు ఆ రోజులన్నీ హైదరాబాద్‌లో ఆఫీసులోనే ఉన్నాడు. నన్ను ఆటపట్టించారనుకుందామంటే, టికియాపారా పిన్నిగారికీ మానేభంజన్ గైడ్‌కీ ఏం సంబంధం? ఇద్దరూ చెప్పులనే చెప్పారు. అలసట అనుకుందామంటే, అలసిపోయింది నేను. చూసింది వాళ్లు.

ఆ తర్వాత కూడా హౌరాలో జనరల్ బోగీ చాలాసార్లు ఎక్కాను. ఎక్కినప్పుడల్లా పక్క సీటు మీద అదే గామ్‌ఛా పరుస్తాను. లోక్ ఆఛే అంటాను. రైలు కదిలాక ఎవరో వచ్చి, ఎక్కడయ్యా నీ మనిషి అని అడిగి, దాన్ని నా ఒళ్లో పడేసి కూర్చుంటారు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఊరికి వచ్చాక నాకోసం ఎదురుచూసిన మనిషి మాత్రం అతనొక్కడే. తెలిసుంటే ఆ కొండ ఇంకాస్త త్వరగా దిగేవాణ్ని.