పసుపు కుంకాలతో పోయిన ప్లగ్గు

కాలీకాలని పెట్రోలు వాసన ఒకటుంటుంది. బంకులో వచ్చేది కాదది. బండి వెనక గొట్టంలోంచి, కాలాల్సింది కాలక, పచ్చిగా, కళ్లు మండేలా వచ్చేది. మొన్న దసరా మర్నాడు బెజవాడ వెళ్తూ పరిటాల హనుమంతుడి విగ్రహం దాటానో లేదో, మా కారుకి ఎక్కిళ్లు పట్టినట్టు కుదుపులు మొదలయ్యాయి. స్టీరింగు ముందు పసుప్పచ్చ దీపం ఒకటి మిణుకుమిణుకుమంది. పక్కకి ఆపి దిగేసరికి ఆ వాసన గుప్పున కొట్టింది. పరికిణీలు కట్టుకునే రోజుల తరవాత మళ్లీ ఆ వాసన పీల్చడం అదే మొదలు. ఎవరూ చెప్పక్కర్లేకుండానే, "మిస్సింగ్ కొడుతోంది" అని పైకే అనుకున్నాను.

మా నందిగామ, జగ్గయ్యపేట వైపు డ్రైవర్ల మాట అది. ఇంజనులో నాలుగు చోట్ల నిప్పు పడాలి. ఏ ఒక్క చోట పడకపోయినా బండి మిస్సింగ్ కొడుతోందంటారు. ఆ మాట నేను అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్నాను. హైవే పక్క అద్దాల మేడలాంటి సర్వీస్ సెంటర్లో, మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడితో ఆ మాటే అంటే, అతను నావైపు చూడకుండా, చేతిలోని పలకలాంటి స్క్రీను వైపు చూస్తూ, "మీరు లాంజ్‌లో కూర్చోండి మేడమ్, కాఫీ ఉంటుంది," అన్నాడు. కాఫీ తాగడానికా నేను బండిని తాడు కట్టించి లాక్కొచ్చింది? నాకు ఒళ్లు మండడం మొదలైంది అక్కడే.

మా నాన్నకి నందిగామ స్టాండులో ఒక అంబాసిడర్ ఉండేది. వత్సవాయి దగ్గర అమ్మకి వాళ్ల నాన్న రాసిచ్చిన మెట్ట చెలక అమ్మి కొన్న కారు. కాగితాల్లో మాత్రం నాన్న పేరే. తెల్ల రంగు వేసినా, జగ్గయ్యపేట రోడ్డు మీద సిమెంటు లారీల వెనక తిరిగి తిరిగి బూడిద రంగుకి తిరిగిన ఆ కారులో మా ప్రాంతం మొత్తం ఎక్కి దిగింది. వేదాద్రి మొక్కులకి వెళ్లేవాళ్లు, పురుడు పోసుకోవడానికి బెజవాడ వెళ్లేవాళ్లు, పెళ్లిచూపులకి వెళ్లి మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్లు. మిరపకాయల కాలంలో బస్తాల ఘాటు సీట్లకి పట్టి ఎక్కినవాళ్లంతా తుమ్మేవారు. వానాకాలంలో తడిసిన చీరల వాసన, పెళ్లిళ్ల కాలంలో నలిగిన మల్లెపూల వాసన, అన్నిటికీ అడుగున వదలకుండా పెట్రోలు వాసన. నాన్న అన్నానికి కూర్చుంటే ఆ వాసన కంచం దాకా వచ్చేది. "చేతులు మళ్లీ కడుక్కోండి," అని అమ్మ లేపేది. ఆయన లేచి కడుక్కొచ్చేవాడు.

నాన్న మెత్తని మనిషి. ఎవరేం చెప్పినా తలూపుతాడు. అందుకే బండికి ఏ రిపేరొచ్చినా వెంట అమ్మ వెళ్లేది, అమ్మ వెంట నేను. అమ్మకి ఇంజను సంగతి ఏమీ తెలియదు. కొంగు నడుముకి దోపి బానెట్ పక్కన నిలబడడం మాత్రం బాగా తెలుసు. ఆవిడకి రెండే నియమాలు. కళ్లతో చూడనిదే పని మొదలుపెట్టనివ్వదు. తీసేసిన సామాను తన చేతిలో పెట్టందే బండి కదలనివ్వదు. అరిగిన పాయింట్లు, నిప్పు రాజేసి రాజేసి మసిబారిన ప్లగ్గులు, తెగిన బెల్టులు అన్నీ మా వంటింటి గూట్లో పాత డాల్డా డబ్బాలో చేరేవి. మెకానిక్కులు నవ్వుకునేవారు, విసుక్కునేవారు, ఇచ్చేవారు.

ఆ డబ్బా మాకు నిధి. పాత ప్లగ్గుకి ఒక చివర తెల్లటి పింగాణీ, ఇంకో చివర ఇనుప మర. చేతిలో పట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంటుంది. తొక్కుడుబిళ్ల ఆటకి అంతకు మించిన బిళ్ల లేదు. పెంకు ముక్కయితే ఎగిరి గీత దాటిపోతుంది. ప్లగ్గు పడ్డచోటే పడి ఉంటుంది. మా వీధిలో ఆడపిల్లలంతా నా ప్లగ్గు కోసం నాతో స్నేహం చేసేవాళ్లంటే అతిశయోక్తి కాదు. ఓడిపోయిన రోజు ఆ స్నేహం ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఇక దసరా. మా ఇంట్లో దసరా అంటే అమ్మవారికంటే ముందు కారుకే పండగ. తెల్లారకముందే నాన్న లుంగీ ఎగ్గట్టి, బానెట్ ఎత్తి, బావి నీళ్లు బిందెలకొద్దీ ఇంజను మీద కుమ్మరించేవాడు. తరవాత పసుపు నీళ్లలో కలిపి, కడిగిన ఇంజను మీద గడపకి పూసినట్టు పూసేవాడు. రేడియేటరు మూతకి బొట్టు, బ్యాటరీకి బొట్టు, వైర్లు కలిసేచోట ఇంకో పెద్ద బొట్టు. బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. స్టాండులో అందరూ అంతే, ఒకరిని చూసి ఒకరు ఇంకో చెంబెడు ఎక్కువ పోసేవారు. ఇంట్లో గారెలు, అల్లం పచ్చడి, పులిహోర, కారుకి నైవేద్యం పెట్టిన శనగ గుగ్గిళ్లు. సాయంత్రానికి ఊరంతా గుమ్మడి గింజలూ, చితికిన నిమ్మకాయలూ. మర్నాడు పొద్దున ఊరంతా బండ్ల దగ్గులే. తడి ఎక్కడికి చేరకూడదో అక్కడికి చేరేది. ఏటా జరిగేదే, ఏటా ఎవరి బండికి ఏమైందో ఎవరికీ అర్థం కానట్టే కంగారుపడేవారు.

అలాంటి ఒక దసరా మర్నాడు వేదాద్రికి కిరాయి వచ్చింది. జగ్గయ్యపేటలో మా పిన్నిగారింట్లో దిగడానికి అమ్మా నేనూ కూడా ముందు సీట్లో ఇరుక్కున్నాం. నందిగామ దాటిన కాసేపటికే కారు కుదుపులు, వెనకాల పచ్చి పెట్రోలు వాసన. మొక్కు తీర్చుకోవాల్సిన ముసలాయన ఒకరు వెనక సీట్లోంచి, గుండు గీయించుకోకముందే స్వామి రావద్దంటున్నాడేమోనని గొణుక్కున్నాడు. ఈడ్చుకుంటూ జగ్గయ్యపేట చేరి, రైసుమిల్లు గోడ పక్కనున్న కోటయ్య షెడ్డులో ఆపాం.

కోటయ్య మంచివాడేమీ కాదు. ఆ రోజుల్లో అందరూ దేవుళ్లని రాయడానికి నేను కలం పట్టలేదు. చెవి మీద బీడీ, నోట్లో నిజం కంటే ఎక్కువ మాటలు. ఒకసారి ఇంజనుకి గొట్టం ఆనించి చెవిపెట్టి విన్నట్టు నటించి, నాన్నతో కాదు, అమ్మతోనే చెప్పాడు.

"రింగులు పోయినయ్ అక్కయ్యా. ఇంజను దించాల్సిందే. వారం పడుద్ది."

నాన్న అప్పుడే తలూపడం మొదలుపెట్టాడు. చెలక అమ్మిన డబ్బు మళ్లీ ఒకసారి కరిగిపోవడం నాకు ఆయన మెడలోనే కనిపించింది.

"దించుదువుగానీలే," అంది అమ్మ. "ముందు ఒక్కో వైరూ పీకి చూపించు. నేనిక్కడే నిలబడతా."

ఆ పని అమ్మ కనిపెట్టింది కాదు, కోటయ్య దగ్గరే చూసి నేర్చుకుంది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకాలి. పీకగానే మోత మారి బండి ఇంకా నీరసపడితే ఆ ప్లగ్గు బతికే ఉన్నట్టు. పీకినా మోతలో తేడా లేకపోతే అదే చచ్చినట్టు. కోటయ్య గొణుక్కుంటూనే చేతికి గుడ్డ చుట్టుకుని ఒకటి పీకాడు. మోత మారింది. రెండోది, మారింది. మూడోది పీకితే ఏమీ కాలేదు. ఇంటికి రాని మనిషి గురించి ఎవరూ అడగనట్టు, ఇంజను అలాగే కొట్టుకుంటోంది.

ఆ ప్లగ్గు విప్పి బయటికి తీస్తే, దాని గుంటలోంచి పచ్చటి నీళ్లు కారాయి. పింగాణీ మీద పసుపు, మెడ చుట్టూ కుంకం. అమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు చూసి, ముత్తయిదువ పోయిన ఇంటికి వెళ్లినప్పుడు అనే మాటే అంది.

"పసుపు కుంకాలతో పోయింది. పుణ్యాత్మురాలు."

కోటయ్య నవ్వుతో కూలబడ్డాడు. నాన్న నవ్వాడు, వెనక సీట్లో ముసలాయనా నవ్వాడు. గుంట తుడిచి, కొత్త ప్లగ్గు బిగించి, పాతదే తుడిచి పెట్టినా సరిపోతుందని అమ్మ అంటున్నా వినకుండా కొత్తదానికి ఎక్కువే వసూలు చేశాడు కోటయ్య. మోసమే అది. కానీ ఆ మోసం మా కళ్లెదురుగా జరిగింది, మేం దానితో పోట్లాడాం, సగం గెలిచాం. పాత ప్లగ్గు అమ్మ చేతిలోకి, అక్కణ్ణుంచి డాల్డా డబ్బాలోకి, అక్కణ్ణుంచి నా తొక్కుడుబిళ్లలోకి వచ్చింది. ఎన్నాళ్లాడినా దాని మెడ దగ్గరి పసుపు పోలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ అద్దాల మేడలో నేనెలా కాఫీ తాగను?

మా ఆయన కూడా మా నాన్నలాగే దసరాకి బండి కడిగాడు. బిందెలతో కాదు, నీళ్లు ఈటెలా చిమ్మే పైపుతో. అడ్డంగా ఉందని ఇంజను మీది ప్లాస్టిక్ మూత కూడా ఊడదీసి, పసుపూ పూశాడు, బొట్లూ పెట్టాడు. అందుకే ఆ కుర్రవాడితో మంచిగానే చెప్పాను, ప్లగ్గు గుంటల్లో నీళ్లు దిగి ఉంటాయి బాబూ, నా ఎదురుగా మూత తీసి చూడండి అని. "కస్టమర్స్‌ని ఫ్లోర్ మీదికి అలో చేయం మేడమ్. స్కానర్ నాలుగూ మార్చమంటోంది," అన్నాడు. ప్లగ్గుల నెత్తిన కూర్చుని వాటికి కరెంటు పంపే నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు, వాటితోపాటు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, అయినా తగ్గకపోతే ఇంజను పైభాగం విప్పడం. అంచనా చూస్తే నేను వత్సవాయి హైస్కూల్లో రెండు నెలలు గొంతు చించుకుంటే వచ్చే జీతం. స్కానర్ చెప్పిందంటే వేదవాక్కు. దానికి పసుపు కనపడుతుందా, కుంకం కనపడుతుందా?

నేను ఒప్పుకోనన్నాను. మూత తీసి చూపించందే రూపాయి ఇవ్వనన్నాను. మేనేజరుని పిలిపించాను. ఆయనా లాంజ్ వైపే చెయ్యి చూపించాడు. గాజు గోడ అవతల మా కారు బానెట్ ఎత్తి ఉంది, ఇవతల నేను. అమ్మయితే ఆ గాజు తలుపు తోసుకుని వెళ్లేది. నేను చదువుకున్నదాన్ని కదా, మర్యాదగా అరిచాను. అలా అరుస్తుండగానే ఆ కుర్రవాడు తన స్క్రీను చూసుకుని, "అప్రూవల్ వచ్చేసింది మేడమ్," అన్నాడు.

కారు మా ఆయన పేరు మీద ఉంది. వాయిదాలు కట్టేది నా జీతంలోంచి. ఓటీపీ ఆయన ఫోనుకి వెళ్లింది. ఇంట్లో కూర్చుని, నన్నొక్క మాట అడగకుండా, ఆయన వాళ్లకి చదివి చెప్పేశాడు. ఫోను చేస్తే, "ఎందుకొచ్చిన గొడవ సుజాతా. వాళ్లు చదువుకున్నవాళ్లు, తెలియకుండా చెప్తారా," అన్నాడు. తలూపే మగవాడి పేరు మీదే అప్పుడు అమ్మ కారూ ఉండేది, ఇప్పుడు నా కారూ ఉంది. తేడా ఏమిటంటే, అప్పుడు కోటయ్య అమ్మ మొహం చూసి అడిగేవాడు. ఇప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడరు, ఫోనుకి నంబరొస్తుంది.

సాయంత్రం బండి చేతికిచ్చారు. కాయిళ్లు, ప్లగ్గులు మార్చగానే కుదుపు పోయిందట, మిగతావి వదిలేశారట. అది నాకు చేసిన ఉపకారంలాగా చెప్పారు. పాత సామాను ఇవ్వమన్నాను. స్క్రాపుకి వెళ్తాయన్నారు. అప్పుడు మాత్రం మర్యాద పక్కనబెట్టి కౌంటరు ముందు కొంగు దోపి నిలబడ్డాను. నా వెనక మనుషులు పెరిగేసరికి ఒక అట్టపెట్టె తెచ్చి పడేశారు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఆ రైసుమిల్లు గోడ లేదు, కోటయ్య షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. తొక్కుడుబిళ్ల గీతలు గీసిన మా వీధంతా సిమెంటు. డాల్డా డబ్బా ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. అవేవీ పోయినందుకు నాకంత బాధ లేదు. నేను ఓర్చుకోలేనిది బానెట్ పక్కన నిలబడి చూసే హక్కు పోవడం.

ఇంటికొచ్చి పెట్టెలోవి భోజనాల బల్ల మీద, మా ఆయన కంచం పక్కన, వరసగా పేర్చాను. నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిళ్లు. కాయిళ్లలో మూడు కొత్తవాటిలా నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒకదానికి అడుగున తుప్పు, మెడ చుట్టూ ఎండిపోయిన పసుపు, దాని మీద ఎర్రగా కుంకం చార.

"అయిందేదో అయింది. బండి బాగైంది కదా," అన్నాడాయన, ముద్ద కలుపుతూ.

పసుపున్నదాన్ని ఆయన ముందుకి జరిపాను.

"ఇదొక్కటే పసుపు కుంకాలతో పోయింది. ఆ మూడింటినీ బతికుండగానే మీరు చంపించారు."